ఎలిశమ్మ నిలబడే చోటు

నల్లగండ్లలో ఒక అపార్ట్‌మెంట్ కింది అంతస్తులో నడిచే డేకేర్‌లో ఎలిశమ్మ ఆయా. నడక రాని పిల్లలంతా ఆమె గదిలోనే ఉంటారు. తల్లులు ఆఫీసుకు వెళ్తూ బిడ్డను ఆమె చేతుల్లో పెడతారు, సాయంత్రం ఆమె చేతుల్లోంచే తీసుకుంటారు. ఎంత ఏడ్చే పిల్లవాడైనా సరే, భుజాన వేసుకుని వీపు నిమురుతూ కిటికీ దాకా రెండుసార్లు తిరిగితే కళ్లు మూస్తాడు. డేకేర్ నడిపే ఉమాశ్రీ, "నీ భుజంలో ఏముందమ్మా?" అని నవ్వుతుంది. "ఏముంటది మేడం, బొక్కలే," అంటుంది ఎలిశమ్మ.

ఆమెది నర్సాపూర్ దగ్గర ఒక పల్లె. తాతల నాటి నుంచి క్రైస్తవులు. పెళ్లయ్యాక భర్త దేవదాసుతో హఫీజ్‌పేట్ వచ్చి, రైల్వేస్టేషన్ వెనక ఒక్క గది కిరాయికి తీసుకుంది. దేవదాసు మేస్త్రీ. మాదాపూర్‌లో రాళ్లగుట్టలు పగలగొట్టి అద్దాల మేడలు లేపుతున్న రోజులవి. పనికి కొదవ లేదు. అతను గోడ కడితే ఆమె ఇటుక అందించేది.

చాన్నాళ్లకు ఆమె కడుపు పండింది. ఏడో నెలలో ఒకరోజు లోపల కదలిక ఆగిపోయింది. పుట్టినింటి వాళ్లు వచ్చి తీసుకెళ్లి దవాఖానలో చేర్చారు. కాన్పు అయ్యాక అందరూ మొహాలు తిప్పుకున్నారు. ఒక ముసలి నర్సు మాత్రం ఆ పసివాణ్ణి తెల్ల తువ్వాలలో చుట్టి తెచ్చి ఆమె పక్కలో పెట్టింది. "జరసేపు ఎత్తుకో బిడ్డా. పేరు పెట్టుకో. నీ కొడుకే గదా," అంది. ఎలిశమ్మ సమూయేలు అని పేరు పెట్టింది. కనుబొమలు వచ్చి ఉన్నాయి, గోళ్లు వచ్చి ఉన్నాయి, కింది పెదవి అచ్చం దేవదాసుదే. ఆ తర్వాత మళ్లీ కడుపు రాలేదు. దేవదాసు కూడా జబ్బు చేసి పోయాడు.

కడుపులో ఉన్నది బిడ్డా కాదా అని ఎవరైనా మాట తీస్తే ఎలిశమ్మ వాదించదు. "నేను చూసిన గదా," అంటుంది, అంతే.

ఒక ఏడాది, ఈస్టర్‌కు ముందు నలభై రోజులు ఉపవాస ప్రార్థనలు చేసే శ్రమదినాలు మొదలయ్యే ముందు, ఆదివారం చర్చిలో ఆరాధన ముగిశాక జశ్వంత్ లేచి నిలబడ్డాడు. గుంటూరు పిల్లవాడు, మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, సంఘంలో యువకులకు పెద్ద. "ఈ శ్రమకాలంలో శనివారం శనివారం మనం మాదాపూర్ వెళ్లి అక్కడున్న ఒక నర్సింగ్ హోమ్ ఎదురుగా నిలబడి ప్రార్థన చేద్దామండి. లోపల గర్భం తీయించుకునేవాళ్లు వస్తుంటారు. గొడవ చెయ్యం, అరవం. కడుపులో బిడ్డల కోసం, ఆ తల్లుల కోసం ఈస్టర్ దాకా నిలబడదాం," అన్నాడు. ఆడవాళ్ల వైపు నుంచి ముందుగా ఎలిశమ్మ చెయ్యి లేచింది. ఆమెను చూసి ఇంకొందరు లేచారు.

నర్సింగ్ హోమ్ ఉన్న సందులో అన్నీ హాస్టళ్లే. పొద్దున పూట మెడలో ఐడీ కార్డులు, వీపున బ్యాగులు వేసుకున్న పిల్లలు టిఫిన్ బండి చుట్టూ మూగి ఉంటారు. క్యాబులు హారన్ కొడుతూ దూరుతుంటాయి. నర్సింగ్ హోమ్ గేటు దగ్గర మొగిలి అనే వాచ్‌మన్ ఉండేవాడు. వరంగల్ వైపు మనిషి. మొదటి శనివారం వీళ్లను చూసి కర్ర పట్టుకుని వచ్చాడు.

"ఎవలమ్మా మీరు? గీడ నిల్వద్దు. డాక్టరమ్మ నన్ను తిడ్తది."

"రోడ్డుకు అవుతల నిల్సుంటం తమ్మీ," అంది ఎలిశమ్మ. "గేటుకు అడ్డం రాము. ఎవ్వలిని ఏమనం."

"మరేం జేస్తరు?"

"ప్రార్థన."

మొగిలి కర్ర చంకలో పెట్టుకుని వెనక్కి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఎవరో ఫోన్ చేస్తే ఒక కానిస్టేబుల్ వచ్చాడు. మతం మార్చే కాగితాలు పంచుతున్నారా అని సంచులు వెతికాడు. బైబిళ్లు, నీళ్ల సీసాలు తప్ప ఏమీ దొరకలేదు. "ఎవరి దారీ ఆపొద్దు, ఎవరి చెయ్యీ పట్టుకోవద్దు," అని చెప్పి వెళ్లాడు. "మేం పెట్టుకున్న కట్టుబాటు కూడా అదేనండి," అన్నాడు జశ్వంత్.

రెండో శనివారం జశ్వంత్ పెద్ద బోర్డులు చేయించుకొచ్చాడు. వాటి మీద కడుపులోంచి తీసేసిన పిండాల ఫోటోలు. ఎలిశమ్మకు ఒకటి ఇస్తే ఆమె తీసుకుంది గానీ బొమ్మను తన వైపు తిప్పుకుని పట్టుకుంది. కొంతసేపటికి ఒక ఆటో వచ్చి గేటు ముందు ఆగింది. ఒకతను భార్యను నడుము చుట్టూ పట్టుకుని దించుతున్నాడు. ఆమె చూపు ఎదురుగా ఉన్న బోర్డుల మీద పడింది. అక్కడే రోడ్డు మీద కూలబడి గొంతు చించుకుని ఏడ్చింది.

భర్త రోడ్డు దాటి విసురుగా వచ్చాడు. "ఏం బోర్డులివి? మేం తీయించుకోవడానికి రాలేదు. దానంతట అదే పోయింది. గుండె ఆగిపోయిందన్నారు. కడగాలని రమ్మన్నారు. నా భార్యకు ఇప్పుడివి చూపిస్తారా?"

జశ్వంత్ చేతిలోని బోర్డు దించేశాడు. "సారీ అండి, మాకు తెలియదు," అని గొణిగాడు.

ఎలిశమ్మ బోర్డు నేల మీద బోర్లా పెట్టి ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లింది. పక్కన కూర్చుని తన కొంగుతో ఆమె మొహం తుడిచింది. "నాకు గిట్లనే అయింది బిడ్డా. ఏడో నెల. పిలగాడు," అంది. ఆ అమ్మాయి ఏడుపు మధ్యలో ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. మొగిలి వీల్‌చెయిర్ తోసుకొచ్చాడు. లోపలికి వెళ్లేదాకా ఆమె ఎలిశమ్మ చెయ్యి వదల్లేదు.

తిరిగి వచ్చాక ఎలిశమ్మ బోర్డులన్నీ ఏరి ఒక దాని మీద ఒకటి పెట్టింది.

"ఇవి ఇగ వద్దు బాబూ."

"ఆంటీ, ఇలా పోగొట్టుకున్నవాళ్లూ ఇక్కడికి వస్తారని మనకు తెలియదు కదండీ. కానీ నిజం చూపించకపోతే ఎలా తెలుస్తుంది?"

"లోపటికి పోయే పిల్లకు తెల్వదా? ఆమెకు తెలిసినంత మనకు తెల్వదు. భయపడ్డోళ్లను ఇంకింత భయపెడితే ఉరుకుతరు గని ఆగరు. మన మొగం చూడనియ్యి. మాట్లాడబుద్ధి అయితే మాట్లాడుతరు."

జశ్వంత్ బోర్డులు కారు డిక్కీలో వేశాడు. మరుసటి శనివారానికి ఒక చిన్న అట్ట తెచ్చాడు. దాని మీద, "మీ కోసం ప్రార్థిస్తున్నాం. మాట్లాడాలంటే ఇక్కడే ఉన్నాం," అని రాసి ఉంది.

ఆ అట్ట చూసి ఆగినవాళ్లు తక్కువే. ఒకామె వచ్చి తన గోడు చెప్పుకుని, లోపలికి వెళ్లకుండా బస్సెక్కి వెళ్లిపోయింది. ఇంకొకామె విని, తల ఊపి, లోపలికే వెళ్లింది. వాళ్లిద్దరి సంగతీ తర్వాత ఏమైందో తెలియదు. ఎలిశమ్మ ఇద్దరి కోసమూ ప్రార్థన చేసింది.

ఈస్టర్‌కు వారం ముందు వచ్చే మట్టల ఆదివారం. దానికి ముందు శనివారం ఒక అమ్మాయి ఒంటరిగా గేటు బయటికి వచ్చింది. పొద్దున్నే ఆమె లోపలికి వెళ్లడం అందరూ చూశారు. వెళ్లేటప్పుడు వీళ్ల వైపు సూటిగా చూసి మరీ వెళ్లింది. ఇప్పుడు గోడ పట్టుకుని నిలబడి ఫోన్‌లో క్యాబ్ కోసం చూస్తోంది. ఒక క్యాబ్ రద్దయింది, ఇంకోటి రద్దయింది. ఆమె మెల్లగా అరుగు మీద కూర్చుని మోకాళ్ల మీద తల వాల్చింది.

ప్రార్థన చేసేవాళ్ల గొంతులు తగ్గిపోయాయి. ఇప్పుడేం చెయ్యాలో ఎవరికీ తోచలేదు. ఎలిశమ్మ నీళ్ల సీసా తీసుకుని రోడ్డు దాటింది.

"నీళ్లు తాగు బిడ్డా."

అమ్మాయి తలెత్తింది. "అయిపోయింది ఆంటీ. ఇప్పుడు మీరు ఏం చెప్పినా లాభం లేదు."

"చెప్పనీకి రాలే. ఏడుంటవ్?"

"గీ వెనక హాస్టల్‌ల. రూంల ముగ్గురున్నరు. వాళ్లకు తెల్వదు. ఇప్పుడు పోతే అడుగుతరు."

"అయితే మా ఇంటికి రా. పండుకో. సాయంత్రం పోదువు."

ఆ అమ్మాయి ఆమె మొహంలో కోపం ఉందేమోనని వెతికింది. అది కనిపించలేదేమో, లేచి నిలబడింది. మొగిలి ఈల వేసి ఆటో పిలిచాడు.

ఆమె పేరు ప్రవళిక. జనగామ దగ్గర ఊరు. ఒక కంపెనీలో కస్టమర్ కాల్స్ తీసుకునే ఉద్యోగం. హఫీజ్‌పేట్ గదిలో ఎలిశమ్మ ఆమెకు చాప మీద బొంత పరిచి, ఫ్యాన్ తన వైపు కాకుండా ఆమె వైపు తిప్పింది. మిరియాల చారు కాచి, మెత్తగా వండిన అన్నంలో కలిపి పెట్టింది. ప్రవళిక సగం తిని ఆగింది.

"నన్ను తిట్టబుద్ధి అయితలేదా మీకు?"

"ఎందుకు తిడ్త?"

"పొద్దున సంది గందుకే గదా నిలవడ్డరు."

ఎలిశమ్మ ఆమె కంచంలో ఇంకాస్త చారు పోసింది. "నేను వద్దని నిలవడ్డ. రేపు గూడ వద్దనే అంట. నీ కడుపుల ఉన్నది బిడ్డనే అనుకుంట, అది పోయిందంటే నాకు దుఃఖమే. అబద్ధం చెప్ప. గని నీ మీద కోపం లేదు. నువ్వు గూడ ఎవలో కన్న బిడ్డవే గదా. తిను."

ప్రవళిక మిగిలిన అన్నం తినేసింది. తర్వాత గోడ వైపు తిరిగి పడుకుని అంది, "అందరు ఏడుస్తరంటరు. నాకు ఏడుపు వస్తలేదమ్మా. గదే భయమైతుంది."

"రాకపోతే రానియ్యి. వచ్చినప్పుడు నేనున్న."

ఆ రోజు ఆమెకు ఏడుపు రాలేదు. నిద్ర వచ్చింది. సాయంత్రం ఎలిశమ్మ ఆమెను హాస్టల్ గుమ్మం దాకా దించి వచ్చింది. ఆ వారమంతా డేకేర్ నుంచి వస్తూ ఫోన్ చేసి, నొప్పి ఉందా, తిన్నావా అని అడిగింది. ఒకరోజు ఫోన్ ఎత్తిన ప్రవళిక ఏమీ మాట్లాడకుండా ఏడ్చింది. ఎలిశమ్మ బస్టాపులో నిలబడి, వచ్చిన బస్సును పోనిచ్చి, ఆ ఏడుపు ఆగేదాకా ఫోన్ చెవికి పెట్టుకుని ఉంది.

సంఘంలో ఈ సంగతి కొందరికి నచ్చలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక జశ్వంత్ ఆమెను పక్కకు పిలిచాడు.

"ఆంటీ, తప్పుగా అనుకోకండి. మనం వద్దని చెప్పడానికి నిలబడ్డాం. చేసుకుని వచ్చినావిడను ఇంటికి తీసుకెళ్లి వండి పెడితే, మనం ఒప్పుకున్నట్టు అవదా అండి? కొంతమంది అడుగుతున్నారు."

"అడిగినోళ్లను నా దగ్గరికి పంపు బాబూ."

"అది కాదండి..."

"ఆ పిల్ల ఎండల కూసున్నది. నెత్తురు పోయి మొగం తెల్లగైంది. ప్రభువు ఆడ నిలవడితే ఏం జేస్తుండెనో నాకు తెల్వదు, నేను చదువుకోలే. నాకైతే నీళ్లియ్యాలనిపించింది." ఆమె బైబిల్ చేతిసంచిలో పెట్టుకుంది. "లోపటికి పోకముందు ప్రేమించుడు, బయటికొచ్చినంక ఇడిసిపెట్టుడు నాతోని కాదు."

జశ్వంత్ ఆమెను కారులో ఇంటి దగ్గర దించాడు. దారిలో సిగ్నల్ దగ్గర ఒక మాట అన్నాడు. "ఆరోజు నేనూ రోడ్డు దాటి ఉండాల్సింది ఆంటీ."

ఈస్టర్ వచ్చింది, శనివారాల ప్రార్థన ముగిసింది. ప్రవళిక అప్పుడప్పుడూ హఫీజ్‌పేట్ వచ్చేది. ఆమె చర్చికి రాలేదు, ఎలిశమ్మ రమ్మనలేదు. కలిసి కూరగాయలు తరుగుతూ ఆఫీసు సంగతులు, జనగామ సంగతులు చెప్పుకునేవారు.

వానలు మొదలయ్యాక ఒక ఆదివారం ఆమె ఒంటరిగా రాలేదు. వెనక ఒక బక్కపలచని మనిషి ఉంది. పేరు సక్కుబాయి. ప్రవళిక ఉండే హాస్టల్లో వంట చేస్తుంది. భర్త లారీ మీద మహారాష్ట్ర వెళ్లి అక్కడే ఇంకొకామెతో ఉండిపోయాడు. ఇప్పుడు ఫోన్ కూడా ఎత్తడు. సక్కుబాయికి నాలుగో నెల. పొట్ట కనిపించే మనిషిని వంటగదిలో ఉంచుకునేది లేదని హాస్టల్ వాళ్లు చెప్పేశారు. ఆమె పడుకునేది కూడా ఆ వంటగది పక్కనే.

"తీయించుకుంట, దవాఖాన చూపియ్యి అని నన్ను అడిగింది," అంది ప్రవళిక. "నీకు వద్దా అని అడిగిన. కావాలె గని ఉండనీకి జాగ లేదన్నది. నా సంగతి వేరే అమ్మా. నాకు ఆ రోజు వేరే దారి వద్దనిపించింది. ఈమెకు కావాలె. గందుకే తీసుకొచ్చిన."

సక్కుబాయి గడప దగ్గరే నిలబడి ఉంది. "వంట చేస్త, బట్టలుతుకుత. ఊకె ఉండ," అంది.

"ముందుగాల లోపటికి రా. తడుస్తున్నవ్," అంది ఎలిశమ్మ.

అలా ఆ గదిలో ఇద్దరయ్యారు. ఎలిశమ్మ సంఘంలో లేచి, ఈసారి ప్రార్థన కాదు, పని కావాలని అడిగింది. ఆడవాళ్లు పాత చీరలు, పప్పులు, పాలపొడి తెచ్చారు. తనను వెనక విమర్శించినవాళ్లే ముందుగా తెచ్చారని ఆమె తర్వాత నవ్వుతూ చెప్పేది. కొండాపూర్‌లోని సర్కారు దవాఖానకు నెలనెలా తీసుకెళ్లే పని జశ్వంత్ పెట్టుకున్నాడు. లైన్‌లో నిలబడి చీటీ తీసుకుని, సక్కుబాయి వంతు వచ్చేదాకా ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని ఆఫీసు మీటింగు వినేవాడు. అక్కడి ఆయమ్మలు అతన్ని భర్త అనుకుని బలమైన తిండి పెట్టమని గదమాయిస్తే, "అలాగేనండి," అని తల ఊపేవాడు.

చలికాలంలో ఆడపిల్ల పుట్టింది. కాన్పు గది బయట ఎలిశమ్మ, ప్రవళిక, జశ్వంత్ బెంచీ మీద కూర్చుని ఉన్నారు. నర్సు బిడ్డను తెచ్చి, "ఎవరు ఎత్తుకుంటరు?" అంది. ఎలిశమ్మ చేతులు చాపబోయి, పక్కకు జరిగి జశ్వంత్‌ను ముందుకు తోసింది.

"నాకు రాదు ఆంటీ. ఇంత చిన్నపిల్లను నేనెప్పుడూ ఎత్తుకోలేదు."

"మెడ కింద చెయ్యి పెట్టు. గట్లనే. భయపడకు."

అతను ఊపిరి బిగపట్టి నిలబడ్డాడు. బిడ్డ కళ్లు తెరవకుండానే నోరు చప్పరించింది. అతని చొక్కా మీద నీటి చుక్కలు పడ్డాయి. ప్రవళిక కాస్త దూరంగా నిలబడి చూసింది. ఎత్తుకుంటావా అని ఎవరూ ఆమెను అడగలేదు. కొంచెం సేపయ్యాక తనే వచ్చి, ఒక వేలితో బిడ్డ పాదం తాకి, ఎలిశమ్మ భుజం మీద తల ఆనించింది.

పేరు మీరే పెట్టమని సక్కుబాయి అడిగితే ఎలిశమ్మ ఒప్పుకోలేదు. "నీ బిడ్డ, నీ దేవుళ్లు, నీ ఇష్టం," అంది. మంచి రోజు చూసి పెడతానంటూ సక్కుబాయి చిన్ను అని పిలవడం మొదలుపెట్టింది. ఇప్పటికీ అదే పేరు. మూడో నెల నిండాక ఉమాశ్రీ ఆమెను డేకేర్ వంటకు పెట్టుకుంది. చిన్ను ఎలిశమ్మ గదిలో, మిగతా పిల్లల మధ్య ఒక ఉయ్యాలలో పడుకుంటుంది. ఆ రోజుల్లోనే ప్రవళికకు పుణెకు బదిలీ అయింది. వెళ్లేముందు వచ్చి రాత్రంతా ఉంది. ఫోన్ చేస్తూనే ఉంటుంది.

శ్రమదినాలు మళ్లీ వచ్చాయి. ఇప్పుడు శనివారం నిలబడేవాళ్లు కాస్త పెరిగారు. మొగిలి నర్సింగ్ హోమ్‌లోంచి ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి ఎలిశమ్మకు వేస్తాడు. ఆమె మోకాళ్లు ఇప్పుడు ఎక్కువసేపు ఆగవు. "డాక్టరమ్మ చూసింది, ఏమనలే," అని చెప్పాడు.

ఒక శనివారం కుర్రజంట ఒకటి బండి దిగింది. ఇద్దరి మెడల్లోనూ కంపెనీ కార్డులు. గేటు దాకా వెళ్లి ఆ అమ్మాయి ఆగింది. భర్తతో ఏదో చెప్పి, ఒక్కతే రోడ్డు దాటి వచ్చింది. అట్ట మీది అక్షరాలు చదివింది.

"మేం క్రిస్టియన్స్ కాదండి. అయినా ప్రార్థన చేస్తారా?"

"చేస్త బిడ్డా. ఏం అడగమంటవ్?"

"తెలీదండి. మీరే అడగండి."

"నీ పేరు?"

"స్రవంతి."

ఎలిశమ్మ కుర్చీలోంచి లేచింది. ఆ అమ్మాయి తల వంచింది. ఎలిశమ్మ ఆమె తల మీద చెయ్యి పెట్టి, పెదవులు కదిలీ కదలకుండా కొన్ని మాటలు చెప్పుకుంది. ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుని, "థ్యాంక్స్ అండి," అని తిరిగి రోడ్డు దాటింది. భార్యాభర్తలిద్దరూ గేటు బయట నిలబడి చాలాసేపు మాట్లాడుకున్నారు. మధ్యలో ఒక నీళ్ల ట్యాంకర్ వచ్చి అడ్డంగా ఆగింది. అది కదిలేసరికి గేటు దగ్గర వాళ్లు లేరు. బండి కూడా లేదు. మొగిలి టీ తాగడానికి వెళ్లి ఉన్నాడు. వాళ్లు బండి లోపలి పార్కింగ్‌లో పెట్టారో, ఇంటికే వెళ్లిపోయారో చెప్పేవాళ్లు లేరు.

"ఏమై ఉంటుందంటారు ఆంటీ?" అని జశ్వంత్ అడిగాడు.

"మనకెట్ల తెలుస్తది బాబూ," అంది ఎలిశమ్మ. కుర్చీలో కూర్చుని, కళ్లు మూసుకుని, స్రవంతి అనే పేరుతో మళ్లీ ప్రార్థన అందుకుంది.